నలుగురి కుటుంబం, రెండు లక్షల రూపాయలు: తొలి విదేశీ ప్రయాణానికి ఏ దేశం?

ప్రశ్న: రాజాం మాస్టారు

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా రాజాం. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు గోడపటం మీద దేశాలు చూపిస్తున్నాను గానీ మన సరిహద్దు దాటి ఒక్క దేశాన్నీ కళ్లారా చూసే అవకాశం రాలేదు. మా తాతగారు మాత్రం పొట్టకూటి కోసం రంగూన్ వెళ్లి, 1942లో యుద్ధం ముంచుకొచ్చినప్పుడు కొండలూ అడవులూ దాటుకుంటూ నడిచి తిరిగి వచ్చినవారిలో ఒకరు. మా ఇంట్లో ‘విదేశం’ అనే మాటకు ఇప్పటికీ ఆ కథే అర్థం. కష్టం కోసం కాకుండా సంతోషం కోసం ఒకసారి దేశం దాటాలని నా కోరిక.

మేము నలుగురం. నేను, నా భార్య, ఎనిమిదో తరగతి చదువుతున్న పదమూడేళ్ల అమ్మాయి, అరవై రెండేళ్ల మా అమ్మ. మూడేళ్లుగా కట్టిన చీటీ డబ్బు రెండు లక్షల రూపాయలు చేతికి వచ్చింది. అంతకు మించి అప్పు చేసి వెళ్లే ఉద్దేశం లేదు. నలుగురిలో ఎవరికీ ఇంతవరకు పాస్‌పోర్టు లేదు. సెలవులు వేసవిలోనో దసరాకో మాత్రమే దొరుకుతాయి.

ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో దేశం చవక అంటున్నారు. ఒకరు వియత్నాం అంటే ఇంకొకరు థాయ్‌లాండ్ అంటున్నారు, మరొకరు భూటాన్‌లో మన రూపాయే చెల్లుతుంది కనుక అదే మేలంటున్నారు. వీడియోలలో చెప్పే లెక్కలన్నీ వీపున సంచి తగిలించుకుని ఒంటరిగా తిరిగే యువకుల లెక్కలు. వాళ్లు ఎనిమిది మంది పడుకునే గదిలో ఒక మంచం అద్దెకు తీసుకుని సర్దుకుంటారు, నేను మా అమ్మను అలాంటి చోట ఉంచలేను. కుటుంబంతో, పెద్దవారితో వెళ్లినవారు ఎవరైనా ఉంటే, ఏ దేశం నిజంగా మా చేతికి అందుతుందో, ఆ సంగతి ఎలా తేల్చుకోవాలో చెప్పగలరని మనవి.

జవాబు: గంటస్తంభం, విజయనగరం

మాస్టారికి నమస్కారం. నేను రైల్వేలో అకౌంట్స్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఆ తరువాత మేము దంపతులం, కొన్నిసార్లు మనవలతో కలిసి, నేపాల్, భూటాన్, శ్రీలంక, థాయ్‌లాండ్, కంబోడియా చూసి వచ్చాం. మీ ప్రశ్నలో చివరి మాట, అంటే ఎలా తేల్చుకోవాలి అన్నదే అసలైనది కనుక దానితోనే మొదలుపెడతాను.

ఒక దేశంలో టీ ఎంత, భోజనం ఎంత అని చూసి ఆ దేశం చవకో కాదో నిర్ణయించుకోవడం నలుగురి కుటుంబానికి పనికిరాని పద్ధతి. ప్రయాణం ఖర్చును రెండు కుప్పలుగా విడదీయండి. తలకు పడే ఖర్చులు ఒక కుప్ప: విమానం టికెట్టు, వీసా, దేశంలో ఉన్నందుకు కట్టే రోజువారీ రుసుము, గుడికో కోటకో ప్రవేశ టికెట్టు. ఇవి నలుగురికీ నాలుగింతలవుతాయి, బేరం కుదరదు. రెండో కుప్ప గదికీ బండికీ పడే ఖర్చులు: హోటలు, కారు, ఆటో. నలుగురు ఉన్నా ఇవి నాలుగింతలు కావు, రెండు గదులూ ఒక బండీ సరిపోతాయి. అందువల్ల తలకు పడే ఖర్చు తక్కువగా ఉన్న దేశమే కుటుంబానికి చవక దేశం. ఒంటరి యువకుడికి చవకైన దేశం మీకు ఖరీదు కావచ్చు, అతనికి ఖరీదైనది మీకు అందుబాటులో ఉండవచ్చు.

ఈ కొలతతో భూటాన్‌ను చూడండి. అక్కడి ఙుల్ట్రుమ్ మన రూపాయికి సమానం, మన నోట్లు చెల్లుతాయి, భోజనం ఖరీదు కాదు. అయితే 2022 సెప్టెంబరు నుంచి భారతీయులు తలకు రాత్రికి 1,200 రూపాయల చొప్పున సుస్థిర అభివృద్ధి రుసుము కట్టాలి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు సగం, మీ అమ్మాయికి పదమూడు కనుక పూర్తి రుసుమే పడుతుంది. ఐదు రాత్రులు ఉంటే నలుగురికి 24,000 రూపాయలు. ఇంకా గదీ లేదు, తిండీ లేదు, ఆ దేశంలో ఉన్నందుకే ఇంత. ఆ డబ్బును వాళ్లు తమ అడవుల కోసం, ఆసుపత్రుల కోసం, బడుల కోసం వాడుకుంటారు కనుక నేను తప్పుపట్టను. భూటాన్ చాలా అందమైన దేశం. కాకపోతే చవక అని నమ్మి వెళ్లవలసిన దేశం కాదు.

కంబోడియా మరో ఉదాహరణ. అక్కడ గదులు నిజంగానే చవక. కానీ అంకోర్ వాట్ చూడకుండా ఎవరూ రారు. ఆ ఆలయ సముదాయానికి ఒక రోజు టికెట్టు 37 డాలర్లు, మూడు రోజులకు 62 డాలర్లు. మీ నలుగురికీ మూడు రోజుల టికెట్లు 248 డాలర్లు, డాలరుకు 90 రూపాయలు లెక్కవేసుకుంటే ఇరవై రెండు వేల పైచిలుకు. వీసా మనిషికి మరో 30 డాలర్లు. సూర్యవర్మ కట్టించిన ఆ విష్ణ్వాలయాన్ని చూసి నేను నిశ్చేష్టుణ్ణయ్యాను, పెట్టిన ప్రతి పైసాకూ విలువ దక్కింది. అయినా మీ రెండు లక్షల్లో అది ఎంత భాగమో ముందే తెలిసి ఉండాలి.

థాయ్‌లాండ్‌కు భారతీయులకు 2023 నవంబరు నుంచి వీసా మినహాయింపు ఇచ్చారు. అంటే తలకు పడే కుప్పలో ఒక పెద్ద రాయి తొలగిపోయినట్టే. అయితే ఎన్ని రోజుల వరకు అనే నిబంధనను మధ్యమధ్యలో మారుస్తుంటారు కనుక టికెట్టు కొనే రోజున వారి రాయబార కార్యాలయం వెబ్‌సైటులో చూసుకోవాలి. వెళ్లే ముందు ఆన్‌లైనులో నింపవలసిన రాక పత్రం ఒకటుంది, దానికి డబ్బు కట్టనక్కరలేదు. డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని గ్రహించండి.

రెండో సంగతి, ఇంటి గుమ్మం నుంచి విమానం మెట్ల వరకు అయ్యే ఖర్చు. హైదరాబాద్ వాళ్లు, చెన్నై వాళ్లు చెప్పే లెక్కల్లో ఇది ఉండదు. విశాఖ నుంచి 2024లో బ్యాంకాక్‌కూ కౌలాలంపూర్‌కూ నేరుగా విమానాలు మొదలయ్యాయి, కానీ మన వైపు నుంచి విదేశీ విమానాలు కొంతకాలం నడవడం, కొంతకాలం ఆగడం మామూలైపోయింది. మీరు వెళ్లే నెలలో నేరుగా విమానం లేకపోతే చెన్నైకో, కోల్‌కతాకో, హైదరాబాద్‌కో నలుగురూ రైలెక్కి, విమానం వేళ కోసం ఒక రాత్రి అక్కడ గది తీసుకుని, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ అదే చేయాలి. ఈ రాకపోకల ఖర్చును ఆ దేశం ఖాతాలోనే వేయండి, విడిగా వదిలేయకండి.

నేను పాటించే నియమం ఒకటుంది. తలకు పడే ఖర్చులన్నీ కలిపి మొత్తం డబ్బులో సగం దాటితే ఆ దేశాన్ని వాయిదా వేస్తాను. ఎందుకంటే మిగిలిన సగంలో రోజులు తగ్గించుకోవాలి, రోజులు తగ్గితే కట్టిన విమానం ఖర్చు ఇంకా భారమవుతుంది. దూర దేశానికి ఎక్కువ రోజులకూ, దగ్గర దేశానికి తక్కువ రోజులకూ వెళ్లడం న్యాయం. నాలుగు రోజుల కోసం సముద్రాలు దాటి వెళ్లడం కుటుంబానికి నష్టమే.

జవాబు: నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

మాస్టారు గారికి నమస్కారం. నేను జూనియర్ కళాశాలలో చరిత్ర చెబుతాను. మా అక్క, ఆవిడ కూతురు, నేను కలిసి తొమ్మిది రోజులు వియత్నాం తిరిగి వచ్చాం. గంటస్తంభం గారి లెక్క పద్ధతి నాకు నచ్చింది, అదే పద్ధతిలో వియత్నాం సంగతి చెబుతాను.

ఈ-వీసా రుసుము మనిషికి 25 డాలర్లు. ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటులో మనమే దరఖాస్తు చేసుకోవచ్చు. నలుగురికి 100 డాలర్లు, అంటే తొమ్మిది వేల రూపాయల దాకా. 2023 ఆగస్టు నుంచి దీన్ని తొంభై రోజుల వరకు ఇస్తున్నారు. దరఖాస్తులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయాలి. మా అక్క పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలో ఉంటే మేము రెండూ కలిపి రాసేశాం, మళ్లీ కొత్త దరఖాస్తు పెట్టి రుసుము రెండోసారి కట్టవలసి వచ్చింది. మన ఉత్తరాంధ్ర వాళ్లకు ఈ ఇంటిపేరు చిక్కు తరచుగా ఎదురవుతుంది కనుక చెబుతున్నాను.

అక్కడికి చేరాక రోజువారీ ఖర్చు నిజంగా తక్కువ. మేము చిన్న ఊళ్లలో కుటుంబాలు నడిపే లాడ్జీలలో ముగ్గురికి ఒకే గది తీసుకున్నాం. ప్రతిచోటా శుభ్రంగా ఉంది, పొద్దున్నే ఫలహారం కూడా పెట్టారు. హనోయ్ నుంచి దనాంగ్‌కు రాత్రి రైలులో పడుకుని వెళ్లాం, దానివల్ల ఒక రాత్రి గది అద్దె మిగిలింది. డబ్బు లెక్క మాత్రం మొదటి రెండు రోజులు తికమక పెడుతుంది. మన ఒక రూపాయికి దాదాపు మూడు వందల డాంగ్‌లు. నోట్ల మీద సున్నాలు ఎక్కువ, పైగా ఇరవై వేల నోటూ ఐదు లక్షల నోటూ రెండూ నీలిరంగులో ఉంటాయి. మా అక్క కూతురు కొబ్బరిబోండానికి ఇరవై వేలనుకుని ఐదు లక్షల నోటు ఇచ్చింది. ఆ ముసలావిడ నవ్వి వెనక్కి ఇచ్చేసింది, ఆ మంచితనాన్ని మేము మరచిపోలేం. పెద్ద నోట్లను వేరే సంచిలో పెట్టుకోవడం మేలు.

భోజనం గురించి మీ అమ్మగారి కోసం ఒక మాట. అక్కడ దాదాపు ప్రతి కూరలోనూ చేపల రసం పడుతుంది, కూరగాయలే అని చెప్పినా దాన్ని వేస్తారు. ‘చాయ్’ అని రాసి ఉన్న హోటళ్లు వెతుక్కోండి, వారి భాషలో ఆ మాటకు శాకాహారం అని అర్థం. బౌద్ధులు చాలామంది పౌర్ణమికీ చాంద్రమాసం మొదటి రోజుకూ మాంసం తినరు, ఆ రోజుల్లో శాకాహారం ఇంకా తేలికగా దొరుకుతుంది. మేము కందిపొడి, చింతకాయ పచ్చడి పట్టుకెళ్లాం, అన్నం ఎక్కడైనా దొరికింది.

ఇక నేను ఆ దేశం వెళ్లడానికి అసలు కారణం మీసన్. హోయ్ ఆన్ నుంచి నలభై కిలోమీటర్ల దూరంలో, కొండల మధ్య ఇటుకతో కట్టిన శివాలయాలు. నాలుగో శతాబ్దంలో, ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజ్యపు రాజు భద్రవర్మ అక్కడ భద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడు. పదమూడో శతాబ్దం దాకా ఒకరి తరువాత ఒకరు కట్టుకుంటూ వచ్చారు. 1969లో అమెరికా బాంబులకు ఎత్తైన గోపురం కూలిపోయింది. మిగిలిన గుడుల దగ్గర, బాంబుల గుంతల పక్కన, పానవట్టాలు ఇప్పటికీ ఉన్నాయి. ముఖలింగంలో మధుకేశ్వరుణ్ణి చూస్తూ పెరిగినదాన్ని, పాత కళింగపట్నం రేవు కూడా మా జిల్లాదే. సాలిహుండం కొండ మీద నిలబడి సముద్రం వైపు చూసినప్పుడల్లా ఇక్కడి నుంచి తూర్పుకు ఓడలెక్కిన వారి గురించి పిల్లలకు చెబుతుంటాను. ఆ తూర్పు తీరాన శివుణ్ణి చూసేసరికి నాకు కన్నీళ్లు ఆగలేదు. సాంఘిక శాస్త్రం మాస్టారు కనుక మీరు ఎప్పటికైనా ఆ చోటు చూడాలని కోరుకుంటున్నాను.

అయినా నిజం చెప్పాలంటే, మీ నలుగురికీ రెండు లక్షలలో వియత్నాం అంచుకు వచ్చి ఆగుతుంది. విమానం టికెట్లు చవకగా దొరికితే సరిపోతుంది, దొరకకపోతే చాలదు. సెలవు తేదీలు మార్చుకోలేని వారికి చవక టికెట్టు దొరకడం కష్టం. పైగా దసరా సెలవుల్లో దనాంగ్, హోయ్ ఆన్ వైపు భారీ వర్షాల కాలం, హోయ్ ఆన్ వీధుల్లోకి నది నీళ్లు వస్తాయి.

జవాబు: వీణల ఊరు, ప్రస్తుతం కౌలాలంపూర్

మాది బొబ్బిలి. ఉద్యోగరీత్యా మలేసియాలో ఉంటున్నాను. మాస్టారూ, మలేసియాను కూడా లెక్కలోకి తీసుకోండి. 2023 డిసెంబరు నుంచి భారతీయులకు ముప్పై రోజుల వరకు వీసా అక్కరలేదు, ఈ వెసులుబాటు 2026 డిసెంబరు 31 దాకా ప్రకటించారు. వచ్చే ముందు మూడు రోజులలోపు ఆన్‌లైనులో రాక పత్రం నింపాలి, అది ఉచితం. ఇక్కడ తలకు పడే ఖర్చంటే దాదాపు విమానం టికెట్టు ఒక్కటే. బతు గుహల దగ్గర మురుగన్ గుడికి 272 మెట్లు ఎక్కాలి, ప్రధాన ఆలయానికి టికెట్టు లేదు. అరటాకులో అన్నం, పప్పు, రసం వడ్డించే హోటళ్లు ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉన్నాయి కనుక పెద్దవారికి తిండి ఇబ్బంది ఉండదు. పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతో వైపు వెళితే, ఒకప్పుడు తోటల పనికి మన ప్రాంతం నుంచి వచ్చిన వారి మనవలు, మునిమనవలు నేటికీ తెలుగు మాట్లాడుకుంటూ కనిపిస్తారు. మీ తాతగారి కథ విన్నాక ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.

ఒక హెచ్చరిక కూడా. మన జిల్లాల్లో పర్యాటకుల పేరుతో ఈ దేశాలకు పంపి, ఇక్కడ ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు గుంజే దళారులు ఉన్నారు. అలా వచ్చి పాస్‌పోర్టు పోగొట్టుకున్న కుర్రవాళ్లను నేను చూశాను. అందుకే విమానాశ్రయంలో ఇరువైపులా అధికారులు నిశితంగా ప్రశ్నిస్తారు. తిరుగు టికెట్టు, గది బుకింగు, సెలవు మంజూరు కాగితం ముద్రించి చేతిలో పెట్టుకుంటే కుటుంబంతో వచ్చేవారికి ఏ ఇబ్బందీ ఉండదు.

జవాబు: శ్రీకాకుళం రోడ్డు, ఆమదాలవలస

నేపాల్ గురించి ఎవరూ వివరంగా రాయలేదు కనుక రాస్తున్నాను. మీ నలుగురికీ పాస్‌పోర్టు లేదన్నారు. నేపాల్‌కు భారతీయులకు వీసా లేదు, పాస్‌పోర్టు కూడా తప్పనిసరి కాదు. ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు చాలు. విమానంలో వెళ్లేటప్పుడు ఆధార్ కార్డును పదిహేనేళ్లలోపు పిల్లలకూ, అరవై ఐదేళ్లు దాటినవారికీ మాత్రమే ఒప్పుకుంటారు. అంటే మీ అమ్మాయికి ఆధార్ సరిపోతుంది, మీ అమ్మగారికి మాత్రం ఓటరు కార్డు ఉండాలి. మన వంద రూపాయలకు వారివి 160 రూపాయలు. 1993 నుంచి ఈ మారకం రేటు మారలేదు కనుక ఇంటి దగ్గర వేసుకున్న లెక్క అక్కడా నిలుస్తుంది. వంద రూపాయల నోట్లు ఎక్కువగా తీసుకువెళ్లండి, పెద్ద నోట్ల విషయంలో రెండు దేశాల నియమాలు పలుమార్లు మారాయి. 2024 నుంచి చాలా దుకాణాల్లో మన యూపీఐతో కూడా చెల్లించవచ్చు.

మేము హౌరా దాకా ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి, అక్కడి నుంచి మిథిలా ఎక్స్‌ప్రెస్‌లో సరిహద్దు ఊరు రక్సౌల్ చేరి, అవతలి వైపు బీర్‌గంజ్ దాటి, జీపులో ఖాట్మండు వెళ్లాం. ఖర్చు చాలా తక్కువైంది. కానీ మా అమ్మగారు రెండు రాత్రుల రైలు ప్రయాణం తరువాత ఆ ఘాట్ రోడ్డు మలుపులకు తట్టుకోలేకపోయారు. ఖాట్మండులో మొదటి రెండు రోజులు గదిలోనే పడుకున్నారు, పశుపతినాథుని దర్శనం మూడో రోజుకు గానీ కుదరలేదు. నాలుగు డబ్బులు మిగిలినందుకు ఆ రోజు నేను సంతోషించలేకపోయాను. పెద్దవారు ఉంటే దారి ఖర్చు దగ్గర పిసినారితనం వద్దని అనుభవంతో చెబుతున్నాను.

రాజాం మాస్టారు

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు ఇంట్లో చదివి వినిపించాను. పశుపతినాథ్ అనే మాట వినగానే మా అమ్మ ముఖం వెలిగిపోయింది. ముక్తినాథ్ కూడా వెళ్లగలమా అని అడిగింది. అమ్మాయికేమో విమానం ఎక్కాలని ఆశ. మీసన్ గురించి చదివాక నా మనసు అటు లాగుతోంది గానీ ఈసారికి అమ్మ కోరికే ముందు.

రెండు సందేహాలు మిగిలాయి. రోడ్డు ప్రయాణం వద్దంటే నేపాల్ ఇంకా మా చేతికి అందుతుందా? విశాఖలో ఒక ట్రావెల్ ఏజెన్సీ వారు ఐదు రాత్రుల ప్యాకేజీకి మనిషికి నలభై రెండు వేలు చెప్పారు, అది న్యాయమైన ధరేనా? మరొకటి, దసరాకు వెళ్లడం మంచిదా, వేసవిలోనా?

జవాబు: గంటస్తంభం, విజయనగరం

మాస్టారూ, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. వాతావరణం చూస్తే నేపాల్‌కు అక్టోబరు, నవంబరు నెలలే మేలైనవి, మంచు కొండలు స్పష్టంగా కనిపిస్తాయి. కానీ మన దసరా వారికి దశైన్, వారి సంవత్సరంలోకెల్లా పెద్ద పండుగ. ఆ రోజుల్లో ఖాట్మండు సగం ఖాళీ అయి ఊళ్లకు వెళ్లిపోతుంది, బస్సుల్లో చోటు దొరకదు, దుకాణాలు మూసి ఉంటాయి, విమానం టికెట్ల ధర పెరుగుతుంది. పైగా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వదులుకుని మన వాళ్లెవరూ ఆ వారంలో ఊరు కదలరు. వేసవి సెలవులు మొదలైన వెంటనే, ఏప్రిల్ చివర్లోనో మే మొదటి వారంలోనో వెళ్లిరండి. జూన్‌లో వర్షాలు మొదలైతే కొండచరియలు విరిగిపడతాయి. మే నెలలో మధ్యాహ్నం పూట ఉరుములతో జల్లు పడవచ్చు, గాలిలో మసక వల్ల కొండలు కొన్ని రోజులు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున చూసే ప్రయత్నం చేయండి.

ఇక దారి. విజయనగరం నుంచి కోల్‌కతాకు రాత్రి రైలులో మూడో ఏసీలో వెళ్లండి. అక్కడ ఒక రోజు ఆగి, అమ్మగారికి కాళీఘాట్ దర్శనం చేయించి, మరునాడు ఖాట్మండుకు విమానం ఎక్కండి. గంటన్నర ప్రయాణం. దీనివల్ల అమ్మగారికి ఘాట్ రోడ్డు తప్పుతుంది, అమ్మాయికి విమానం కోరిక తీరుతుంది. వీసా లేదు, రోజువారీ రుసుము లేదు, పాస్‌పోర్టుకు కట్టవలసిన ఐదు వేల చిల్లర ఈసారికి లేదు. తలకు పడే ఖర్చు విమానం టికెట్టూ రైలు టికెట్టూ మాత్రమే. పశుపతినాథ్‌లో మనకు ప్రవేశ రుసుము లేదు. అక్కడి ప్రధాన పూజారులు తరతరాలుగా కర్ణాటక నుంచి వెళ్లినవారే కనుక పూజా విధానం మనకు కొత్తగా అనిపించదు. భక్తపూర్ వంటి పాత రాజధానుల్లో కూడా మన దక్షిణాసియా (సార్క్) దేశాల వారికి మిగతా విదేశీయులకన్నా తక్కువ రుసుము ఉంటుంది. టికెట్టు కొనేటప్పుడు కార్డు చూపించి అడగండి, అడగకపోతే కొన్నిచోట్ల గుర్తుచేయరు.

ప్యాకేజీ ధర గురించి. నలుగురికీ 1,68,000 రూపాయలు. అందులో ఏమేమి లేవో కాగితం మీద రాయించుకోండి. నేను ఒకసారి వేరే దేశానికి అలాగే ప్యాకేజీ తీసుకున్నాను. విమానం దిగాక తెలిసింది, మధ్యాహ్న భోజనం లేదట, ప్రవేశ టికెట్లు లేవట, డ్రైవరుకు ఇచ్చే బక్షీసు రోజుకు ఇంత అని ముందే నిర్ణయించారట. రోజుకో పూట నగల దుకాణంలో కూర్చోబెట్టారు. చెప్పిన ధరకు మూడో వంతు అదనంగా అయింది. విదేశీ ప్యాకేజీ మీద ఆదాయపు పన్ను శాఖ తరఫున టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే ముందస్తుగా తీసుకునే పన్ను, కూడా వసూలు చేస్తారు. అది చెప్పిన ధరలో కలిసి ఉందో లేదో అడగండి, పాన్ నంబరు మీదే ఇవ్వండి. మీరు జీతం మీద రిటర్ను వేసేవారు కనుక ఆ మొత్తాన్ని పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. నన్నడిగితే మీరే టికెట్లు కొనుక్కుని, పశుపతి ఆలయానికి నడిచి వెళ్లగలిగే దూరంలో రెండు గదులు తీసుకుని, పోఖరాకు ఖాట్మండు నుంచి పగటి పూట బస్సులోనో చిన్న విమానంలోనో వెళితే, అంతకన్నా చాలా తక్కువలో ఎనిమిది రోజులు ఉండవచ్చు.

ముక్తినాథ్ విషయంలో మాత్రం నా సలహా కఠినంగా ఉంటుంది. ఆ క్షేత్రం 3,700 మీటర్లకు పైన ఉంది. మన అరకు లోయ ఆ ఎత్తులో మూడో వంతు కూడా లేదు. సముద్ర మట్టానికి దగ్గరలో బతికిన మనం ఒక్క రోజులో అంత ఎత్తుకు వెళితే ఊపిరి అందక తలనొప్పీ వాంతులూ వస్తాయి, పెద్దవారికి ప్రాణం మీదికే రావచ్చు. అమ్మగారికి బీపీ గానీ ఆయాసం గానీ ఉంటే వద్దు. లేకపోయినా వైద్యుణ్ణి అడిగి, పోఖరా తరువాత జోమ్‌సోమ్ దగ్గర ఒక రాత్రి ఆగి, మరునాడు నెమ్మదిగా వెళ్లేట్టు ఏర్పాటు చేసుకోవాలి. ఆ రెండు రోజులూ చేతిలో లేకపోతే పోఖరాలోనే ఆగిపోండి.

మీరు ప్రభుత్వోద్యోగి కనుక నేపాల్ అయినా అది విదేశమే. శాఖాపరమైన అనుమతి కోసం రెండు మూడు నెలల ముందే దరఖాస్తు పెట్టండి. అది చేతికి వచ్చాకే విమానం టికెట్టు కొనండి.

జవాబు: నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

మాస్టారు గారూ, మంచి నిర్ణయం. ఈలోగా పాస్‌పోర్టులకు కూడా నెమ్మదిగా దరఖాస్తు చేసి ఉంచండి. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ తపాలా కార్యాలయాల్లోనే సేవా కేంద్రాలు ఉన్నాయి, విశాఖ దాకా వెళ్లనక్కరలేదు. పెద్దలకు 1,500 రూపాయలు, పిల్లలకు 1,000, అరవై దాటినవారికి పది శాతం తగ్గింపు ఉంది. పదో తరగతి చదవకపోయినా యాభై ఏళ్లు దాటినవారి పాస్‌పోర్టు మీద వలస తనిఖీ (ఈసీఆర్) ముద్ర, అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్లాలంటే ముందు అనుమతి కావాలనే గుర్తు, పడదు కనుక అమ్మగారి గురించి ఆ దిగులు వద్దు. రెండేళ్ల తరువాత మరో చీటీ పాడుకున్న రోజున మీసన్‌కు దారి అడగండి, నా దగ్గర ఉన్న కాగితాలన్నీ మీకిస్తాను.

రాజాం మాస్టారు

అలాగే చేస్తానండి. ఈ రోజు కార్డులన్నీ బయటకు తీసి చూశాను. అమ్మ ఓటరు కార్డులో పేరు ‘అప్పలనర్సమ్మ’ అని, ఆధార్‌లో ‘అప్పల నరసమ్మ’ అని ఉన్నాయి. పుట్టిన సంవత్సరం కూడా రెండింటిలో ఒకటి కాదు. విమానం టికెట్టు ఏ పేరున తీసుకోవాలి?

జవాబు: శ్రీకాకుళం రోడ్డు, ఆమదాలవలస

ఓటరు కార్డు చూపించి విమానం ఎక్కుతారు కనుక టికెట్టు మీద పేరు ఆ కార్డులో ఉన్నట్టే ఉండాలి. మా అమ్మగారి కార్డులోనూ ఇలాంటి తేడాయే ఉంటే ఫారం 8 నింపి సరిచేయించాం. మీ బూత్ లెవెల్ ఆఫీసరు మీ బడిలోని మాస్టారే అయి ఉండవచ్చు, ఆయనకు ఇచ్చినా సరిపోతుంది, ఆన్‌లైనులోనూ పెట్టవచ్చు. కొత్త కార్డు పోస్టులో ఇంటికి రావడానికి కొంత సమయం పడుతుంది. ఈ వారంలోనే పెట్టేయండి మాస్టారూ, అది వచ్చాకే టికెట్టు.